మిగులు ప్రాసెసర్లు

ఆ గురువారం ఆర్విడ్ కెస్టిలా సగం పేస్టీ పళ్లెంలోనే వదిలేసి లేచిపోయాడు. కివిలాంపి ఆస్పత్రిలో ముప్పై ఒక్కేళ్లుగా పనిచేస్తున్న మనిషి. గురువారం క్యాంటీన్‌లో మాంసమూ బంగాళాదుంపా కూరి కాల్చిన ఆ పేస్టీ కోసమే తాను బతికున్నానని చెప్పుకునే మనిషి. అందుకని క్యాంటీన్ అంతా తలెత్తి చూసింది.

"ఎవరో పోయారు" అంది వడ్డించే ఆవిడ.

"పోలేదు. పొరపాటున గ్రేవీ పోసుంటావు" అన్నాడు ఎక్స్‌రే గదిలో పనిచేసేవాడు.

కివిలాంపిలో పేస్టీ మీద కెచప్ పోసుకునేవాళ్లకీ గ్రేవీ పోసుకునేవాళ్లకీ పెళ్లి సంబంధాలు కుదరవు. ఆర్విడ్ కెచప్ పక్షం. పోయింది మనిషీ కాదు, పోసింది గ్రేవీ కాదు. ఉత్తరం వచ్చింది, అంతే.

ఆస్పత్రి నేలమాళిగలో బాయిలర్ గది పక్కన చల్లటి గది ఒకటుంది. అందులో ఇనప చట్రానికి బిగించిన నాలుగు సర్వర్లున్నాయి. చూడ్డానికి నాలుగే. కానీ ఒక్కో సర్వర్ కడుపులో పదేసి సర్వర్లున్నట్టు నమ్మించే సాఫ్ట్‌వేర్ వాటి మీద నడుస్తుంది. రోగుల కాగితాలు ఒకటి, మందుల కొట్టు ఒకటి, ఎక్స్‌రే బొమ్మలు ఒకటి, ఆఖరికి క్యాంటీన్‌లో రేపేం వండాలో చెప్పేది ఒకటి. మొత్తం నలభై ఒక్క యంత్రాలు. చేత్తో ముట్టుకుందామంటే ఒక్కటీ ఉండదు, పని మాత్రం నలభై ఒకటీ చేస్తాయి. ఆర్విడ్ పుట్టుకతోనే కోతలరాయుడు. ఇంత పెద్ద కోత కోసి నిలబెట్టుకున్న సాఫ్ట్‌వేర్ అంటే అతనికి మొదటినుంచీ గౌరవం.

దానికి లైసెన్స్ ప్రాసెసర్ల లెక్కన ఉండేది. సర్వర్‌కి రెండు ప్రాసెసర్లు, నాలుగింటికి ఎనిమిది. ఎనిమిదింటికి డబ్బు కడితే, లోపల నలభై ఒకటి నడుపుకున్నా నాలుగొందలు నడుపుకున్నా ఎవరూ అడిగేవాళ్లు కాదు. పోయిన ఏడాది చివర్లో ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. కొత్త యజమానుల దగ్గరనుంచి వచ్చింది ఆ ఉత్తరం.

ఆర్విడ్ దాన్ని తెచ్చి కోలెట్ స్టిమాక్ బల్ల మీద పెట్టాడు. ఆ విభాగానికంతటికీ వాళ్లిద్దరే మనుషులు. కోలెట్‌కి ముప్పై నాలుగేళ్లు. చేరి ఆరేళ్లయింది.

ఆమె చదివింది. మళ్లీ చదివింది.

"ఇకనుంచి ప్రాసెసర్లు కాదట, ప్రాసెసర్‌లో ఉండే కోర్లు లెక్కట. సరే. మనవాటిలో ఒక్కోదాంట్లో పది కోర్లే కదా? ఇక్కడ పదహారు అని రాశాడేంటి?"

"కిందికి చదువు."

"పదహారుకి తక్కువ ఉన్నా పదహారుగానే లెక్క..." కోలెట్ కళ్లజోడు తీసింది. "లేనివాటికి కూడా కట్టాలా?"

"మీ ఇంట్లో ఆవిరి పట్టే సౌనా గది ఉంది చూడు" అన్నాడు ఆర్విడ్, కుర్చీలో మెల్లగా ఒక పక్కకి ఒరిగి కూర్చుంటూ. కుడి తుంటి కీలు అరిగిపోయి ఏడాదయింది. "ఇదివరకు వీడు పొయ్యికి ఇంత అని తీసుకునేవాడు. లోపల ఎంతమంది కూర్చుని చెమటలు కక్కినా వాడికి అనవసరం. ఇప్పుడు బల్ల మీద ఎంతమంది పడతారో లెక్కెడతాడు. పదిమందే పట్టే బల్లయితే పదహారుమందికి వసూలు చేస్తాడు."

"మిగతా ఆరుగురేరీ అంటే?"

"బయట మంచులో దొర్లుతున్నారని చెబుతాడు."

కోలెట్ నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఎనిమిది పదహార్లు ఎంతో ఆమె మనసులో వేసుకున్నట్టుంది.

"ముసలాయనా, ఇది పైకి తెలుసా?"

"పైనుంచే కిందికొచ్చింది. పెన్‌హేల్ రేపు పదింటికి రమ్మంది."

*

ఆస్పత్రి జమాఖర్చులన్నీ చూసేది డెనిస్ పెన్‌హేల్. ఆవిడ తాతముత్తాతలు రాగి గనుల్లో మేస్త్రీలు. ఎంత తవ్వితే ఎంత రాయి, ఎంత రాయికి ఎంత రాగి అన్న లెక్క రక్తంలోనే ఉందంటారు. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషయితే ఆర్విడ్‌కి తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

"మూడు రెట్లు దాటింది, ఆర్విడ్" అంది ఆవిడ. "బోర్డు నిన్న కూర్చుంది. ఇంకెక్కడా కొయ్యడానికి లేదన్నారు. కాన్పుల వార్డు మూసేయమంటారా అని నేనే అడిగాను. మాట్లాడలేదు. ఆఖరికి తేలిందేమిటంటే, మార్చి నెలాఖరుకి మీ ఇద్దరిలో ఒకరు."

"ఇద్దరిలో ఎవరు?"

"ఇప్పుడు అడక్కండి. రూలు మీకూ తెలుసు."

తెలుసు. ఆఖరున చేరినవాళ్లు ముందు పోతారు. కోలెట్ మొగుడు ట్రాయ్ దుంగల లారీ తోలుతాడు. సొంత లారీ, సొంత అప్పు. అతనికి ఆరోగ్య బీమా లేదు. వాళ్ల కూతురు బ్రిన్‌కి తొమ్మిదేళ్లు. నడుముకి ఇన్సులిన్ పంపు తగిలించుకుని బడికెళ్తుంది. ఆ పంపూ, అందులోకి పోసే మందూ, రెండూ కోలెట్ ఉద్యోగంతో వచ్చే బీమా మీదే నడుస్తున్నాయి.

ఆర్విడ్‌కి అరవై రెండు. ప్రభుత్వం ఇచ్చే బీమా అరవై ఐదు నిండితే గాని రాదు. తుంటి ఆపరేషన్ మే నెలలో. ఇల్లు తనదే, అప్పుల్లేవు, ఒంటరి మనిషి. ఆ గదిలో ఆ క్షణాన 'నన్ను పంపండి' అనడానికి అతనికి రెండు మాటలు ఖర్చయ్యేవి. ఆ రెండు మాటలూ గొంతు దాకా వచ్చాయి కూడా. వచ్చి అక్కడే నిలబడ్డాయి. వాటి బదులు తెలివి బయటికొచ్చింది.

"పీకేస్తే?" అన్నాడు.

"ఎవర్ని?" పెన్‌హేల్ ఉలిక్కిపడింది.

"మనుషుల్ని కాదు. ప్రాసెసర్లని. సర్వర్‌కి రెండున్నాయి కదా. ఒక్కోటి పీకేస్తే మిగిలేవి నాలుగు. నాలుగు పదహార్లు అరవై నాలుగు. బిల్లు సగానికి పడుతుంది."

"పీకొచ్చా?"

"నాలుగు మరలు, ఒక మూత. పన్ను పీకినట్టు నెత్తురు కూడా రాదు."

ఆవిడ నవ్వలేదు. పెన్ను తీసి కాగితం మీద ఏదో రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది.

"సగం బిల్లయితే నేను మిగతాచోట్ల సర్దగలను. మీ ఇద్దరి జోలికీ రాకుండా సర్దగలననే అనుకుంటున్నాను. కానీ బోర్డుకి రాత కావాలి. కంపెనీ మనిషి కూడా లెక్క చూడ్డానికి వచ్చే గురువారం వస్తాడు. వాడికీ కావాలి. ఆ రెండో ప్రాసెసర్లు అవసరం లేదని మీరు రాసి సంతకం పెట్టండి. గట్టిగా రాయండి, ఆర్విడ్. నసుగుతూ రాయకండి."

ఆర్విడ్ మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకోలేదు. తుంటి నొప్పి కూడా తెలియలేదు.

*

రిపోర్టు అతను చెబుతుంటే కోలెట్ టైపు చేసింది. మూడేళ్ల రికార్డు తెర మీద పెట్టుకున్నారు. సర్వర్లు ఎంత పని చేశాయో చూపించే గీత అది. గీత ఎప్పుడూ అడుగునే పాకుతోంది. ఫ్లూ జ్వరాల రోజుల్లో కొంచెం లేస్తుంది, అంతే. నూటికి ముప్పై దాటిన రోజు లేదు.

"రాయి. 'ప్రతి సర్వర్‌లోనూ రెండో ప్రాసెసర్ చాలావరకు పని లేకుండా ఉంది. అది మిగులు.'"

కోలెట్ వేళ్లు ఆగాయి. "ఊరికే ఉంచామా దాన్ని? నాలుగింట్లో ఒకటి చచ్చిందనుకో, దాని మీదున్నవన్నీ మిగతా మూడింటి మీదకి రావాలి. ఆ బరువు మొయ్యడానికే కదా సగం ఖాళీగా పెట్టుకుంటాం. నాకు చేరిన మొదటివారం నువ్వు చెప్పిన పాఠం అదే."

"అవును, చెప్పాను."

"ఆ ముక్క రాయవా?"

"రాస్తే బోర్డు భయపడుతుంది. భయపడితే సంతకం పెట్టదు. సంతకం పెట్టకపోతే..." ఆర్విడ్ మిగతాది అనలేదు. పెన్‌హేల్ చెప్పిన సంగతి అతను కోలెట్‌కి చెప్పేశాడు, 'ఇద్దరిలో ఒకరు' అన్నంతవరకే. ఆ ఒకరు ఎవరో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

గోడ అవతల బాయిలర్ ఒకసారి దగ్గి మళ్లీ సర్దుకుంది.

"అయితే 'చాలావరకు' తీసెయ్" అంది కోలెట్.

"ఏం?"

"మెత్తగా ఉంది. నసుగుతున్నట్టుంది. 'పని లేకుండా ఉంది. మిగులు. తీసివేసినా సేవలకు ఏ లోటూ రాదు.' ఇలా ఉండాలి."

ఆమె ఆ మాటని నొక్కి చెరిపేసింది. ఆర్విడ్ రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాడు. ఇంత మంచి వాక్యం తాను రాయగలిగేవాణ్ని కాదని మెచ్చుకున్నాడు కూడా.

*

సోమవారం మొదలుపెట్టి బుధవారానికి నాలుగూ పూర్తి చేశారు. ఆస్పత్రి ఒక్క నిమిషం ఆగలేదు. ఆ ముచ్చట చూసి తీరాలి. మొదటి సర్వర్ కడుపులో ఉన్న పదకొండు యంత్రాలనీ కోలెట్ తన బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే పక్క సర్వర్లలోకి నడిపించింది. పై అంతస్తులో నర్సు ఒకావిడ ఎవరికో జ్వరం ఎంతుందో టైపు చేస్తూనే ఉంది. 'నూట రెండు' అని మొదలుపెట్టినప్పుడు ఆ కాగితం ఒక సర్వర్‌లో ఉంది, అంకె పూర్తయ్యేసరికి ఇంకో దాంట్లో ఉంది. ఆవిడకి గాని ఆ జ్వరానికి గాని ఏమీ తెలియలేదు.

సర్వర్ ఖాళీ అయ్యాక ఆర్విడ్ దాన్ని ఆపేశాడు. పట్టాల మీద ముందుకి లాగి మూత తీశాడు. మణికట్టుకి తీగ కట్టుకుని దాని రెండో కొస ఇనప చట్రానికి తగిలించాడు. చలికాలంలో ఆ గదిలో ఉన్నితొడుగు వేసుకున్న మనిషి వేలితో ముట్టుకుంటే చాలు, ఒంట్లో కరెంటు చిటుక్కుమని ప్రాసెసర్‌ని చంపేస్తుంది.

"డెబ్బై తొమ్మిదిలో" అన్నాడు, మొదటి మర విప్పుతూ, "మంచు ఎంత పడిందంటే మా నాన్న మేడ మీద కిటికీలోంచి స్కీలు తొడుక్కుని గనికి వెళ్లాడు. ఆరోజు సాయంత్రం ఎండ కాసింది. తిరిగొచ్చేసరికి కిటికీ అందలేదు. వీధిలో నిలబడి మా అమ్మని నిచ్చెన వెయ్యమని అరిచాడు."

"పోయినసారి ఆయన పొగ గొట్టంలోంచి వెళ్లాడు."

"అది డెబ్బై ఎనిమిది."

వేడి లాగే రేకుల దిమ్మని పైకెత్తాడు. కింద ప్రాసెసర్ కనిపించింది. అరచేతిలో సగం ఉంటుంది. మీద బూడిదరంగు ముద్ద గట్టిపడి అంటుకుని ఉంది. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచాడు. గడియ పైకి తిప్పి, రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, కళ్లలో పడ్డ నలుసు తీసినంత జాగ్రత్తగా లేపాడు. దాని కింద వెంట్రుకల్లాంటి పిన్నులు వేలకి వేలు, వరిమడిలా వరసగా నిలబడి ఉన్నాయి. అందులో ఒక్కటి వంగితే ఆ పిన్నులున్న సర్వర్ అడుగు పలక మొత్తం చెత్తబుట్టకే. ఊపిరి బిగబట్టి ఆ ఖాళీ సాకెట్ మీద నల్లటి ప్లాస్టిక్ మూత నొక్కాడు. మూత టక్కుమంది.

పని అక్కడితో అయిపోదు. రెండో ప్రాసెసర్ పక్కనున్న మెమరీ పలకలు దాని మాట తప్ప వినవు. అది పోతే అవి బతికుండీ పనికిరావు. వాటిని ఒక్కొక్కటే ఊడదీసి మొదటి ప్రాసెసర్ పక్కకి మార్చాలి. ఆ పని కోలెట్ వచ్చి చేసింది. రెండు బొటనవేళ్లతో ఒత్తితే రెండు చివరలా గడియలు పడాలి. ఆమె చేతిలో అవి ఒకే చప్పుడు చేసేవి. ఆర్విడ్ చేతిలో ఎప్పుడూ రెండు చప్పుళ్లు వచ్చేవి. ఆరేళ్ల కింద నేర్పింది అతనే.

తిరిగి కరెంటు ఇచ్చారు. పంకాలు ఈల వేసి నెమ్మదించాయి. తెర మీద అక్షరాలు వచ్చాయి. ప్రాసెసర్లు: ఒకటి.

"లేచిందమ్మా మహాతల్లి" అన్నాడు ఆర్విడ్.

"ఒక్క కాలి మీద" అంది కోలెట్.

నాలుగు ప్రాసెసర్లనీ వాటి ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టి, బీరువాలో దాచి, తాళం వేశారు. బుధవారం సాయంత్రం ఇంటికెళ్తూ కోలెట్ కారు అద్దం దించి, "బ్రిన్ నీకో బొమ్మ వేసింది. నిచ్చెన మీద మీ నాన్న" అని చెప్పి వెళ్లింది.

*

కంపెనీ మనిషి పేరు ప్రూయిట్. షికాగో నుంచి వచ్చాడు. మంచులోకి పల్చటి బూట్లు వేసుకొచ్చి, నేలమాళిగలోకి దిగేసరికి పిల్లిలా కాళ్లు విదిలిస్తున్నాడు. ఆర్విడ్ అతని బూట్లని బాయిలర్ పక్కన ఆరబెట్టాడు. అందువల్ల ఆ తనిఖీ అంతా ప్రూయిట్ మేజోళ్లతోనే చేశాడు.

తెర మీద లెక్క చూశాడు. చాలదని మూతలు తీయించాడు. నాలుగు ప్రాసెసర్లు, నాలుగు నల్లమూతలు. బీరువాలో డబ్బీలు కూడా చూశాడు.

"ఎక్కడికి వెళ్లినా ఇదే చూస్తున్నాను" అన్నాడు మెల్లగా. "అందరూ పీకేస్తున్నారు. మావాళ్లకి ఇది నచ్చదు. రేపు నేను వెళ్లిపోగానే తిరిగి పెట్టరని హామీ ఏమిటని అడుగుతారు."

డెనిస్ పెన్‌హేల్ రిపోర్టు అందించింది. ప్రూయిట్ నిలబడే చదివాడు.

"బాగా రాశారు. సందేహానికి చోటే లేదు" అన్నాడు. "దీని నకలు మా ఫైల్లో ఉంటుంది. ఇక మీవి అరవై నాలుగు."

"అసలు ఉన్నవి నలభై" అన్నాడు ఆర్విడ్.

"తెలుసు" అన్నాడు ప్రూయిట్. బూట్లు తొడుక్కుంటూ ఎవరి వంకా చూడలేదు.

లేని ఇరవై నాలుగు కోర్లకి ఏటేటా కప్పం కట్టడానికి ఒప్పుకుని కూడా ఆ నేలమాళిగలో ఆరోజు పండగ చేసుకున్నారు. పెన్‌హేల్ స్వయంగా కుంకుమపువ్వు బన్నులు తెచ్చింది. పై మెట్టు దాకా వచ్చిన నర్సులు కూడా తలో ముక్కా తిన్నారు. ఆర్విడ్ ప్రూయిట్ మేజోళ్ల నడక నడిచి చూపించాడు. కోలెట్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం పెన్‌హేల్ నుంచి ఫోను వచ్చింది, ఒక్కణ్నే రమ్మని.

ఆవిడ బల్ల మీద రిపోర్టు ఉంది. మొదటి పేజీలో మూడు వరసల కింద ఎవరో గీత గీశారు.

"పొద్దున బోర్డు చదివింది" అంది. "మెచ్చుకున్నారు. ఏ విభాగమూ ఇంత నిజాయితీగా తన మిగులు తాను చెప్పుకోలేదన్నారు."

ఆర్విడ్ కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టం.

"ఒకాయన అడిగాడు. ఈ విభాగంలో సగం యంత్రాలు మూడేళ్లుగా పని లేకుండా ఉన్నాయని వాళ్లే రాశారు. సగం తీసేసినా లోటు రాదని వాళ్లే రాశారు. మరి అక్కడ ఇద్దరు మనుషులెందుకు, అని." ఆవిడ గొంతు సవరించుకుంది. "నేను వాదించాను, ఆర్విడ్. మీరు నమ్మకపోవచ్చు. మార్చి నెలాఖరు నిర్ణయాన్ని వాళ్లు మార్చలేదు."

"మనుషులున్నది ప్రాసెసర్లు కాయడానికా?" ఆర్విడ్ గొంతు పెద్దదయింది. "ఆ రెండోది ఊరికే కూర్చున్నట్టు ఉంటుంది గాని ఊరికే కాదు. ఒకటి పడిపోయిన రోజున దాని బరువు మొయ్యాలి. మనిషీ అంతే. నేను రేపు ఆపరేషన్ బల్ల మీద ఉంటే కింద ఎవరుంటారు? మందుల కొట్టు ఆగిపోతే ఎవరు దిగుతారు? ఖాళీగా ఉండటమే దాని పని!"

"ఆ మాట మీ రిపోర్టులో లేదు" అంది పెన్‌హేల్.

కిటికీ అవతల ఒకతను పొడవాటి కర్రతో పైకప్పు మీద మంచు కిందికి లాగుతున్నాడు. దిమ్మ దిమ్మగా పడుతోంది.

"ఇప్పుడు రాస్తాను."

"ఇప్పుడు రాస్తే మొదటిది అబద్ధమవుతుంది. మొదటిది కంపెనీ ఫైల్లో ఉంది. వాళ్లు మళ్లీ ఎనిమిదికి లెక్కగడతారు. అప్పుడు ఒకరు కాదు, ఇద్దరూ పోతారు."

ఆవిడ సొరుగు లాగి ఒక కాగితం తీసింది. కాసేపు దాన్ని తన ముందే ఉంచుకుంది.

"మీరు అడిగితే తప్ప నేను ఇది చెప్పకూడదు. అయినా చెబుతున్నాను. రూలు ప్రకారం కోలెట్ పోవాలి. కాని సీనియర్ తనంతట తాను తప్పుకుంటానని రాసిస్తే, రూలు అక్కడితో ఆగిపోతుంది."

కాగితాన్ని అతని వైపు తిప్పింది. పైన ఆస్పత్రి పేరు. మధ్యలో రెండు వాక్యాలు. కింద పేరు రాయడానికి ఒక గీత. పక్కనే పెన్ను పెట్టి, ఆవిడ కిటికీ వంక చూస్తూ కూర్చుంది.

ఆ గీత రెండంగుళాలు కూడా లేదు. ఆర్విడ్ దాన్ని చాలాసేపు చూశాడు. చెయ్యి బల్ల అంచు దాకా వెళ్లింది. తుంటి నుంచి మోకాలి దాకా ఒక నరం మెలితిప్పినట్టు లాగింది. బ్రిన్ నడుమున ఉన్న పంపు గుర్తొచ్చింది. ఆ వెంటనే, తాను పిలవకుండానే, మూడు చలికాలాలు వరసగా గుర్తొచ్చాయి. తన ఇంటి మెట్లు, మంచు, బీమా లేని తుంటి, పార పట్టుకోలేని తాను.

"నాకు ఆపరేషన్ మేలో" అన్నాడు.

"తెలుసు."

"మే పన్నెండు."

"తెలుసు, ఆర్విడ్."

ఇంకో దిమ్మ పడింది. ఆవిడ కాగితాన్ని చప్పుడు కాకుండా తన వైపుకి లాక్కుని సొరుగులో పెట్టేసింది.

"మూడింటికి కోలెట్‌ని పంపండి" అంది. "ఈ కాగితం సంగతి ఎవరూ అడగరు."

*

అతను దిగేసరికి కోలెట్ బల్ల దగ్గర లేదు. సర్వర్ల గదిలో నేల మీద మఠం వేసుకుని, ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని ఏదో రాస్తోంది. అతన్ని చూసి కలం ఆపింది.

"నేనేనా?" అంది.

ఆర్విడ్ తలుపు ఆనుకుని నిలబడ్డాడు. పంకాల హోరులో తన గొంతు తనకే దూరంగా వినిపించింది.

"రిపోర్టు చూపించారు. మనం రాసిందే చూపించారు."

"అర్థమైంది." ఆమె నోటు పుస్తకం మూసింది. "'చాలావరకు' తీసెయ్యమంది నేనే కదా."

"కాదు. సంతకం నాది."

"నువ్వేమన్నావ్?"

కోతలు కోయడం అతనికి కొత్త కాదు. స్కీల మీద తండ్రిని ఊరంతా తిప్పాడు, సరస్సులో చేపల్ని పడవలకన్నా పెద్దవి చేశాడు. వాటికి చేతులు ఊపాలి, కళ్లు పెద్దవి చెయ్యాలి. దీనికి ఏదీ అక్కర్లేకపోయింది.

"నన్ను పంపమన్నాను" అన్నాడు. "నా బదులు ఆ పిల్లని ఉంచండి అని అడిగాను. రూలు ఒప్పుకోదట."

కోలెట్ తలెత్తి చూసింది. లేచి వచ్చి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"పిచ్చి ముసలాయనా! ఆ కాలేసుకుని అలా ఎలా అడిగావు? ఒప్పుకుని ఉంటే ఏం చేసేవాడివి?"

ఆర్విడ్ ఆమె చేతిలోని నోటు పుస్తకం వంక చూశాడు.

"ఇంకెప్పుడూ అనకు అలాంటి మాట. నాకు ట్రాయ్ ఉన్నాడు. పెద్ద ఊళ్లో ఏదో ఒక ఆస్పత్రిలో దొరక్కపోదు. బ్రిన్ మందు సంగతి... ఏదో చేస్తాం." ఆమె ముక్కు తుడుచుకుంది. "అడిగావు. అది చాలు నాకు. ఇంటికెళ్లి బ్రిన్‌కి చెబుతాను, ఆర్విడ్ నా బదులు వెళ్తానన్నాడని."

"చెప్పకు" అన్నాడు ఆర్విడ్.

"చెప్పి తీరతాను."

నోటు పుస్తకం అతని చేతిలో పెట్టింది. "పొద్దుట్నుంచీ రాస్తున్నాను. నాకెందుకో నిన్ననే అనిపించింది. ఒక్కడివే ఉన్నప్పుడు సర్వర్ పడిపోతే వరసగా ఏమేం చెయ్యాలో రాశాను. ముందు మందుల కొట్టు, తరువాత రోగుల కాగితాలు. మూడింటి మీద అన్నీ పట్టవు కాబట్టి వేటిని వదిలెయ్యాలో కూడా రాశాను. క్యాంటీన్‌ది మొదట వదిలెయ్, నీకు పేస్టీ వారం ఎటూ తెలుసు. నీ కళ్లకి ఆనవని పెద్ద అక్షరాలతో రాశాను. కనబడుతున్నాయా?"

పేజీకి అయిదు వరసలే పట్టాయి. ఒక్కో అక్షరం బొటనవేలంత ఉంది. వరస మారినప్పుడల్లా కింద రెండుసార్లు గీత గీసి ఉంది.

మూడవడానికి పది నిమిషాలుంది. కోలెట్ జుట్టు సర్దుకుని, మణికట్టు తీగని చుట్టచుట్టి చట్రానికి తగిలించి, తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"కనబడుతున్నాయా, లేదా?"

"కనబడుతున్నాయి" అన్నాడు ఆర్విడ్, ఆమె వంక చూడకుండా పేజీ తిప్పుతూ.